ఇంటర్నెట్ తొవ్వలో మూడు నాకాలు

2000 సంవత్సరం, రంజాన్ నెల. ఒక జుమా నాడు అసర్ నమాజ్ అయ్యాక, ఇఫ్తార్‌కు ఇంకా కొంచెం టైం ఉందనగా, అమ్మీని తీసుకుని మా నిజామాబాద్‌లో రెండు గల్లీల అవతల ఉన్న నెట్ సెంటర్‌కు పోయాను. లోపల ప్లైవుడ్ చెక్కలతో చేసిన చిన్న చిన్న ఖానాలు. ఆఖరి ఖానాలో అమ్మీని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఆ సెంటర్ అబ్బాయి షట్టర్ సగం కిందికి దింపాడు. "ఖాలా, జరా ఆహిస్తా బోలో" అన్నాడు. అవతల రియాద్‌లో భాయీజాన్ రూమ్‌లోని ఫోన్ మోగింది.

అమ్మీకి ఆహిస్తాగా మాట్లాడడం రాదు. సౌదీ దూరం కాబట్టి గట్టిగా మాట్లాడాలనేది ఆమె నమ్మకం. మాట పోయి జవాబు రావడానికి రెండు మూడు సెకన్లు పట్టేది. ఈలోపే ఇంకో ప్రశ్న అడిగేసేది. "రోజా ఉన్నావా బేటా?" అంటే, దానికి ముందు అడిగిన "జ్వరం తగ్గిందా?"కు జవాబు వచ్చేది. అట్లా ఆరు నిమిషాలు మాట్లాడి, నిమిషానికి పది రూపాయల చొప్పున అరవై ఇచ్చి వచ్చాం. ఎస్టీడీ బూత్‌కు పోతే ఆ అరవైకి ఒక్క నిమిషం దాటేది కాదు. ఆ అబ్బాయి రసీదు ఇవ్వలేదు, మేము అడగలేదు.

ఎందుకంటే ఆ రోజు ఆ ఖానాలో జరిగింది ఖానూన్‌కు ఖిలాఫ్. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడడానికి మన దేశంలో 2002 ఏప్రిల్ 1 దాకా ఇజాజత్ లేదు. ఒక తల్లి కొడుకు ఖైరియత్ అడగడానికి షట్టర్ సగం దింపాల్సి వచ్చింది.

ఈ మధ్య నాతోపాటు పనిచేసే జర్నలిస్టు దోస్తుల మధ్య బహస్ జరిగింది. మొదట్లో మనకు ఇంటర్నెట్ అమ్మినవాళ్ళు దాన్ని పెంచారా, తొక్కిపెట్టారా? ఒకాయన "వాళ్ళు లేకపోతే ఇంటర్నెట్టే లేదు" అన్నాడు. ఇంకొకాయన "వాళ్ళ వల్లే పదేళ్ళు వెనకబడ్డాం" అన్నాడు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాల్ అంటే పందెం. ఈ సవాల్‌కు రెండు అర్థాలూ సరిపోతాయి. అందుకే కూర్చుని హిసాబ్ తీశాను.

దర్వాజా ఎప్పుడు తెరుచుకుంది?

చాలామంది అనుకునేటట్టు 1995కు ముందు మన దేశంలో ఇంటర్నెట్ లేదని కాదు. ఉంది, కానీ ఖాస్ జనానికే. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మదద్‌తో ఎర్నెట్ మొదలుపెట్టింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ వంటి సంస్థలను అది కలిపింది. అక్కడి ప్రొఫెసర్లు, రీసెర్చ్ విద్యార్థులు మెయిళ్ళు పంపుకునేవాళ్ళు. ప్రభుత్వ దఫ్తర్‌లకు నిక్‌నెట్ వేరే ఉండేది. అది ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాల దాకా వచ్చింది. కలెక్టరాఫీసులో ఆ మెషీన్ ఉండేది. గల్లీలో ఉన్నవాడికి మాత్రం దాంతో పని లేదు.

అటు యూరప్‌లో, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్ లీ తయారుచేసిన వెబ్‌ను 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఎవరూ రుసుము కట్టక్కర్లేదు, ఎవరి ఇజాజత్ అడగక్కర్లేదు. అప్పటినుంచే వెబ్ పరిగెత్తడం మొదలైంది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. తెచ్చింది విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అంటే వీఎస్ఎన్ఎల్. మన దేశం నుంచి బయటికి పోయే ప్రతి ఫోన్ కాల్, ప్రతి టెలెక్స్ ఆ ప్రభుత్వ సంస్థ చేతిమీదుగానే పోవాలి. ముందుగా బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. మన హైదరాబాద్ ఆ తొలి ఫెహరిస్త్‌లో లేదు.

ఇక్కడ ఒక మాట ఇన్సాఫ్‌గా ఒప్పుకోవాలి. వెబ్ దునియాకు తెరుచుకున్న రెండేళ్ళకే మనకూ వచ్చిందంటే దర్వాజా ఆలస్యంగా తెరిచారని అనలేం. ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళే తక్కువ ఉన్న రోజుల్లో ఒక సర్కారీ సంస్థలోని ఇంజినీర్లు ముందుకొచ్చి ఆ పని చేశారు. మొదటి నెలల్లో మోడెములు చాలక, లైన్లు దొరక్క, కట్టిన కనెక్షన్ మధ్యలో తెగిపోయి జనం తిట్టుకున్నారు. అప్పటి ఛైర్మన్ బి.కె. సింఘాల్ తప్పు జరిగిందని బహిరంగంగానే ఒప్పుకుని, లోపాలు సరిచేసుకుంటూ పోయారు. సర్కారీ అఫ్సర్ గలతీ ఒప్పుకోవడం మన దేశంలో రోజూ చూసే సంగతి కాదు. సినిమా హీరో షమ్మీ కపూర్ ఆ తొలి వినియోగదారుల్లో ఒకరు. ఇంటర్నెట్ వాడేవాళ్ళ కోసం ఒక క్లబ్బునే నడిపారాయన.

కాబట్టి ఫిర్యాదు దర్వాజా తెరవడం గురించి కాదు. తెరిచిన దర్వాజాను ఎంత సందు పెట్టి ఆపారనేదే అసలు సంగతి.

మూడు నాకాలు

నిజాం జమానాలో రియాసత్ పొలిమేరలో కరోడ్‌గిరి నాకాలుండేవి. సరుకు బయటినుంచి వస్తే అక్కడ మహసూల్ కట్టి లోపలికి రావాలి. 1995లో ఇంటర్నెట్ కావాలనుకున్న మనిషి ఒకటి కాదు, మూడు నాకాలు దాటాలి.

మొదటి నాకా ఫోన్ లైను. ఇంటర్నెట్ ఫోన్ తీగ మీద వచ్చేది. ఫోన్ టెలికాం శాఖది. 1994 నాటి టెలికాం విధానం ప్రకారమే దేశంలో నూరు మందికి 0.8 ఫోన్లున్నాయి. అంటే నూరు మందికి ఒక్కటి కూడా లేదు. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఇంతిజార్ చేసిన ఇళ్ళు మనకందరికీ తెలుసు. మా ఇంటికి ఫోన్ వచ్చిననాడు అమ్మీ సేమియా వండి గల్లీకి పంచింది.

రెండో నాకా కనెక్షన్ ఖాతా. వీఎస్ఎన్ఎల్ మొదటి రేట్లు ఇవి: వ్యక్తులకు 250 గంటలకు 5,000 రూపాయలు, సంస్థలకు డయలప్ ఖాతా 15,000. స్పీడ్ 9.6 కిలోబిట్లు. మా అబ్బా ప్రైవేట్ స్కూల్లో ఉర్దూ చెప్పేవారు. ఆ 5,000 ఆయన నాలుగు నెలల తన్ఖా కంటే ఎక్కువ. గంటకు లెక్కేస్తే ఇరవై రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఫోన్ డిపార్ట్‌మెంట్ మీటర్ దానికి వేరే. కనెక్షన్ ఉన్నంతసేపూ లోకల్ కాల్ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. మీ ఊళ్ళో డయల్ చేసే నంబర్ లేకపోతే, పక్క నగరానికి ఎస్టీడీ చేసి మరీ కలుపుకోవాలి. ఒక్క పనికి ఇద్దరికి కట్టుడు.

ఆ 9.6 స్పీడ్ అంటే ఎంతో కూడా చెప్పాలి. సెకనుకు సుమారు 1.2 కిలోబైట్లు. నూరు కిలోబైట్ల బొమ్మ ఒకటి తెరుచుకోవాలంటే దాదాపు నిమిషంన్నర. ఈరోజు మీరు వాట్సాప్‌లో "జుమా ముబారక్" అని పంపే గులాబీ పువ్వు బొమ్మ అప్పుడైతే ఒక చాయ్ తాగేలోపు కూడా పూర్తిగా వచ్చేది కాదు. అందుకే చౌక ఖాతాల్లో బొమ్మలే ఉండేవి కావు. షెల్ అకౌంట్ అనేవాళ్ళు. నల్లటి తెర మీద వట్టి అక్షరాలు, అవీ ఇంగ్లీషువి.

మూడో నాకా గేట్‌వే. ఇది కంటికి కనపడదు, కానీ అన్నింటికన్నా పెద్దది. మన కంప్యూటర్ అడిగిన పేజీ ఎక్కడో అమెరికాలో ఉంటుంది. అది సముద్రం కింది కేబుల్ మీదో ఉపగ్రహం మీదో రావాలి. ఆ కేబుల్ మన ఒడ్డుకు చేరే చోటు, ఉపగ్రహం స్టేషను, రెండూ వీఎస్ఎన్ఎల్ చేతిలో ఉన్నాయి. ఇంకొకరికి ఆ హక్ లేదు. బయటి దునియాతో మనకు ఒకే దర్వాజా, దానికి ఒకే దర్బాన్.

అమెరికాలో కథ వేరే. అక్కడ లోకల్ ఫోన్ కాల్‌కు నెలకింత అని కడితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. 1983లోనే అక్కడి టెలికాం కమిషన్ కంప్యూటర్ సర్వీసులను, దూరపు కాల్స్ కంపెనీలు కట్టే నిమిషాల రుసుము నుంచి మినహాయించింది. దాంతో ఊరికొక చిన్న ఇంటర్నెట్ కంపెనీ పుట్టింది. అక్కడా దర్బాన్లు లేరని కాదు. కంప్యూసర్వ్, ప్రాడిజీ, ఏఓఎల్ మొదట్లో జనాన్ని తమ సొంత చార్‌దీవారీ లోపలే ఉంచాలని చూశాయి. తమ వార్తలు, తమ చాట్, తమ దుకాణం. కానీ చుట్టూ చిన్న కంపెనీల పోటీ ఉన్నందువల్ల ఆ గోడలు నిలవలేదు. 1996 డిసెంబర్‌లో ఏఓఎల్ నెలకు 19.95 డాలర్లకు ఎన్ని గంటలైనా వాడుకోండి అని చెప్పాల్సి వచ్చింది. జనం ఒక్కసారిగా విరుచుకుపడి లైన్లన్నీ బిజీ అయిపోయాయి. మనం గడియారం చూస్తూ మెయిల్ చదువుకుంటున్న టైంలో అక్కడ గడియారాన్ని గోడమీంచి తీసేశారు.

1998 నవంబర్

మూడేళ్ళు అట్లా గడిచాయి. 1998 నవంబర్‌లో కేంద్రం కొత్త ఇంటర్నెట్ విధానం తెచ్చింది. ఎంతమందైనా కంపెనీ పెట్టుకోవచ్చు. మొదటి ఐదేళ్ళు లైసెన్స్ ఫీజు లేదు, ఆ తర్వాత ఏడాదికి ఒక్క రూపాయి. దేశమంతటికీ ఒక రకం లైసెన్స్, రాష్ట్రానికి ఇంకో రకం, జిల్లా స్థాయికి మూడో రకం. అంటే నిజామాబాద్‌లో ఒక మనిషి తన ఊరికి మాత్రమే ఇంటర్నెట్ అమ్ముకోవాలనుకుంటే ఖానూన్ ఒప్పుకుంటుంది. ఇది చిన్న మార్పు కాదు.

అదే నెలలో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే నెలలో దేశంలో మొదటి ప్రైవేట్ ఇంటర్నెట్ సర్వీసు మొదలైంది. దాని పేరు సత్యం ఆన్‌లైన్. ఇది మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వాళ్ళ బచ్చా కంపెనీ, మద్రాసు నుంచి నడిచేది. 1999 అక్టోబర్‌లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్‌లో నమోదయింది. ఆ మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీని 499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. పేపర్ ఆఫీసుల్లో ఆ అంకె చూసి కళ్ళు తిరిగాయి. దేశంలో ఒక వెబ్‌సైట్‌కు అంత ఖీమత్ ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

ప్రైవేట్ కంపెనీలు రాగానే ఏమైంది? రేట్లు పడ్డాయి. కిరాణా దుకాణంలో దొరికే ప్యాకెట్లలో గంటల లెక్కన కనెక్షన్ దొరికింది. ఫారాలు, దఫ్తర్ చుట్టూ చక్కర్లు లేవు. 1998 ఆఖరుకు దేశమంతా కలిపి రెండు మూడు లక్షలున్న కనెక్షన్లు 2001కల్లా ముప్పై లక్షల దరిదాపుకు చేరాయి. అదే దేశం, అవే ఫోన్ తీగలు, అదే జనం. మారింది అమ్మేవాళ్ళ సంఖ్య మాత్రమే. "జనానికి ఇంటర్నెట్ అవసరం లేదు కాబట్టే పెరగలేదు" అనేవాళ్ళకు ఈ లెక్కే జవాబు.

గల్లీకి తెచ్చింది ఎవరు?

ముప్పై లక్షల కనెక్షన్లు అన్నాను కదా, వాడినవాళ్ళు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకంటే ఆ కనెక్షన్లలో కొన్నింటి వెనక నెట్ సెంటర్లు ఉండేవి. ఒక లైన్‌ను ఐదారు కంప్యూటర్లకు పంచి గంటకు ఇంత అని తీసుకునేవాళ్ళు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళు కొందరు ఆ జమా పైసలతో ఇట్లాంటి సెంటర్లే పెట్టారు. పెద్ద కంపెనీల ఇంటర్నెట్‌ను గల్లీ దాకా మోసుకొచ్చిన మజ్దూర్లు వీళ్ళే. ఏ చరిత్ర పుస్తకంలోనూ వీళ్ళ నామ్ నిషాన్ కనపడదు.

వీళ్ళ పని నడవడానికి ఇంకో సంగతి కలిసొచ్చింది. మొదట్లో మెయిల్ అడ్రసు ఇచ్చేది ఇంటర్నెట్ అమ్మే కంపెనీయే. కనెక్షన్ ఉన్నవాడికే అడ్రసు. ఖాతా గడువు తీరితే అడ్రసూ పోతుంది. చండీగఢ్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన సబీర్ భాటియా, తన సాథీ జాక్ స్మిత్‌తో కలిసి 1996 జూలై 4న హాట్‌మెయిల్ తెరిచాడు. అమెరికా ఆజాదీ రోజును ఊరికే ఎంచుకోలేదు. కనెక్షన్ అమ్మే కంపెనీ నుంచి మెయిల్‌కు ఆజాదీ అని దాని మతలబ్. సొంత కంప్యూటర్, ఫోన్, ఖాతా ఏదీ లేని మనిషికి కూడా ఒక పక్కా పతా దొరికింది. ఏ ఊళ్ళో ఏ నెట్ సెంటర్‌లో కూర్చున్నా తన ఖత్ తను తెరుచుకోవచ్చు.

గల్ఫ్ ఇళ్ళకు ఇది ఎంత పెద్ద సంగతో మనకు తెలుసు. అంతకు ముందు అమ్మీ క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. ఒక వైపు తన మాటలు, రెండో వైపు చెల్లెలు చదివిన సబక్‌లు. సౌదీ వెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే ఊరగాయ డబ్బాతోపాటు ఆ క్యాసెట్. అది చేరి, జవాబు క్యాసెట్ తిరిగొచ్చేసరికి రెండు నెలలు. ఇంట్లో మయ్యత్ అయితే ఆ ఖబర్ టెలిగ్రామ్‌లో పోయేది.

ఇక్కడ అవతలి ఒడ్డు కథ కూడా చెప్పాలి. సౌదీలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1999లో గానీ రాలేదు. వచ్చాక కూడా అన్ని కంపెనీల రాకపోకలూ రియాద్‌లోని కింగ్ అబ్దుల్ అజీజ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ పెట్టిన ఒకే వడపోత గుండా పోవాలి. అటు ఎమిరేట్స్‌లో 1995 నుంచి పదేళ్ళకు పైగా ఎతిసలాత్ ఒక్కటే. అంటే మన ఇళ్ళ మాటలకు ఇటొక దర్బాన్, అటొక దర్బాన్.

షట్టర్ ఎందుకు దించాల్సి వచ్చింది

ఇప్పుడు మొదటి కథకు వస్తాను. నెట్ మీద ఫోన్ ఎందుకు మనా?

బయటి దేశానికి ఒక కాల్ పోయినా, అక్కడినుంచి వచ్చినా, రెండు వైపుల కంపెనీలు పైసలు పంచుకుంటాయి. గల్ఫ్ నుంచి మనవాళ్ళు ఇంటికి చేసే ప్రతి నిమిషానికి అక్కడి టెలిఫోన్ కంపెనీ ఇక్కడి కంపెనీకి ఇంత అని డాలర్లలో కట్టాలి. మన దేశం నుంచి పోయే కాల్స్ కంటే వచ్చే కాల్స్ చాలా ఎక్కువ. కాబట్టి ఆ డాలర్లు వరదలా వచ్చేవి. వీఎస్ఎన్ఎల్ ఆమ్దనీలో సింహభాగం ఇదే. నేరుగా చెప్పాలంటే ఆ ఖజానా నింపింది మన భాయీజాన్‌లు, చాచాలు, మామూలు, ఇక్కడ ఫోన్ పక్కన కూర్చున్న అమ్మీలు.

ఇప్పుడు ఆ కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. ఒక చేత్తో ఇంటర్నెట్ అమ్ముతోంది. ఇంకో చేత్తో ఐఎస్‌డీ నిమిషాలు అమ్ముతోంది. ఇంటర్నెట్ బాగా పెరిగితే ఐఎస్‌డీ చస్తుంది. ఇట్లాంటి దుకాణ్‌దార్ ఏం చేస్తాడు? ఇంటర్నెట్‌ను అమ్ముతాడు, మగర్ దాని కాళ్ళకు జంజీర్ వేసి అమ్ముతాడు. నెట్ ఫోన్ ఇచ్చే విదేశీ సైట్లను వీఎస్ఎన్ఎల్ తన గేట్‌వే దగ్గరే ఆపేసింది. దీనిమీద ఢిల్లీ హైకోర్టులో కేసు కూడా పడింది. 1999లో కార్గిల్ యుద్ధం నడుస్తుండగా కరాచీ పత్రిక డాన్ వెబ్‌సైట్ కూడా ఇదే గేట్ దగ్గర ఆగిపోయింది. దర్వాజా ఒక్కటే అయినప్పుడు దాన్ని మూయడం ఎంత ఆసానో అప్పుడే అర్థమైంది.

2002లో ఇదంతా మారింది. ఫిబ్రవరిలో వీఎస్ఎన్ఎల్‌లో పావు వంతు వాటాను టాటాలు 1,439 కోట్లకు కొన్నారు. 2004 దాకా ఉండాల్సిన దాని ఇజారా రెండేళ్ళు ముందే, మార్చి ఆఖరుకు ముగిసింది. సరిగ్గా ఆ మరునాడే, ఏప్రిల్ 1న, నెట్ ఫోన్‌కు ఇజాజత్ వచ్చింది. ఈ రెండు తారీఖుల మధ్య ఒక్క రాత్రే తేడా. ముందురోజు దాకా జుర్మ్ అయిన పని మరునాటికి జాయిజ్ ఎట్లా అయింది? జనానికి ఖతరా ఉందని ఆపలేదు, ఆమ్దనీకి ఖతరా ఉందని ఆపారు. అంతే. మా గల్లీ సెంటర్ అబ్బాయి ఆ వారం బయట బోర్డు పెట్టాడు, ఉర్దూలోనూ తెలుగులోనూ. షట్టర్ పూర్తిగా పైకి లేచింది.

మన అక్షరాల సంగతి

ఇంకో హిసాబ్ మిగిలింది. ఈ కంపెనీలన్నీ, సర్కారీ అయినా ప్రైవేట్ అయినా, మనకు తీగ ఇచ్చాయి. ఆ తీగ మీద మన జబాన్ రావడానికి ఏం చేశాయి? ఏమీ చేయలేదనే చెప్పాలి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత డిగ్రీలో తెలుగు. రెండు లిపులూ నావే. మొదట నెట్ చూసినప్పుడు రెండూ సరిగ్గా కనపడలేదు. ఉర్దూ అఖ్బార్‌లు ఇన్‌పేజ్‌లో కంపోజ్ చేసిన పేజీని బొమ్మగా మార్చి పెట్టేవి. నస్తాలీఖ్ రాతను అట్లాగే తెర మీదకు తేవడానికి వేరే దారి లేదు. డయలప్‌లో ఆ బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. సుర్ఖీ కనపడ్డాక ఖబర్ కనపడేసరికి మీటర్ ఇంకో కాల్ తిరిగేది. అంటే వంద పేజీల ఇంగ్లీషు అక్షరాలకయ్యే ఖర్చులో ఉర్దూ రెండు మూడు పేజీలు చదివేవాళ్ళం. తెలుగు పత్రికలదీ ముష్కిలే. ప్రతి పత్రికకూ సొంత ఫాంటు. ఈ పత్రిక ఫాంటుతో ఆ పత్రిక చదవలేం. వెతికితే ఏదీ దొరకదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే జాగా దొరికింది. కానీ విండోస్‌లో తెలుగు అక్షరం సరిగ్గా కనపడింది 2001లో ఎక్స్‌పీ వచ్చాకే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలయ్యాయి. నెల తేడాతో పుట్టిన అక్కాచెల్లెళ్ళు. వాటిని నింపింది తీరిక వేళల్లో తన్ఖా లేకుండా కూర్చుని టైప్ చేసిన మామూలు మనుషులు. స్పీడ్ ముందే పెరిగి ఉంటే, రేట్లు ముందే తగ్గి ఉంటే ఆ మనుషులు ముందే వచ్చి ఉండేవాళ్ళని నా ఖయాల్. గడియారం చూసుకుంటూ ఎవరూ తమ జబాన్‌కు ఖిద్మత్ చేయలేరు.

ప్రైవేట్ వాళ్ళను కూడా ఫరిష్తాలు అనుకోవద్దు. గిరాకీ ఉన్న ఊళ్ళకే వచ్చారు. లైసెన్స్ తీసుకున్న వందల కంపెనీల్లో చాలావాటికి ఎక్కువ ఆయుష్షు లేదు. అందులో తప్పు వాళ్ళది మాత్రమే కూడా కాదు. ఇంటికి వచ్చే ఆఖరి తీగ సర్కారీ ఫోన్ కంపెనీది. 2004లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఆ తీగను ఇతర కంపెనీలతో పంచుకోవాలని సిఫారసు చేసింది. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండ్ అని పిలిచింది గానీ, తీగ పంచడం మాత్రం ఒప్పుకోలేదు. మూడో నాకా లేచినా మొదటి నాకా అట్లాగే నిలబడింది. చిన్న కంపెనీలు అక్కడే ఆగి చచ్చిపోయాయి. ఆ నాకా దాటింది తీగ లేకుండా గాలిలో వచ్చిన మొబైల్ ఇంటర్నెట్టే.

మరి జవాబ్?

నా దోస్తులిద్దరూ సగం సగం సహీ. ఇంటర్నెట్ అమ్మడం మాత్రమే తన ధందా అయినవాడు దాన్ని పెంచాడు. ఎందుకంటే అది పెరిగితేనే వాడికి ఫాయిదా. ఇంటర్నెట్‌తోపాటు దాని వల్ల నుక్సాన్ అయ్యే ఇంకో సరుకు కూడా అమ్ముకునేవాడు దాన్ని ఆపాడు. ఒకే సంస్థ 1995లో మొదటి పని చేసింది, ఆ తర్వాత రెండో పని కూడా చేసింది. మనుషులు చెడ్డవాళ్ళా మంచివాళ్ళా అన్నది ఇక్కడ సవాల్ కాదు. దర్బాన్ పెట్టె కింద ఇంకేం దాచిపెట్టుకున్నాడనేదే చూడాలి.

పాత కథ ఇప్పుడెందుకంటారా? నాకాలు పోయాయని అనుకోవద్దు, అవి జాగా మారుస్తుంటాయి. 2015లో ఫేస్‌బుక్ తనకు నచ్చిన కొన్ని సైట్లను పేదలకు ముఫ్త్‌గా ఇస్తానని ఫ్రీ బేసిక్స్ తెచ్చింది. జనం నిలదీశారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో సైట్‌కు ఒక్కో రేటు పెట్టడాన్ని మనా చేసింది. ఎమిరేట్స్‌లో ఉన్న మనవాళ్ళకు వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ కలవదని ఇంట్లో అమ్మీలు ఎన్నేళ్ళు తికమకపడ్డారో గుర్తు చేసుకోండి. అక్కడ ఇంటర్నెట్ అమ్మేవాళ్ళే ఫోన్ నిమిషాలు కూడా అమ్ముతారు. మన 2000 నాటి కథే.

కాబట్టి మీ పిల్లలు రేపు ఎవరైనా ఏదైనా ముఫ్త్‌గా, చౌకగా ఇస్తున్నారని చెబితే ఒక్క ప్రశ్న అడగడం నేర్పండి: ఇది పెరిగితే ఇచ్చేవాడికి ఫాయిదానా, నుక్సానా?

అమ్మీ ఇప్పుడు దస్తర్‌ఖాన్ మీదే ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టి భాయీజాన్ ముఖం చూస్తూ మాట్లాడుతుంది. ఇప్పటికీ గట్టిగానే మాట్లాడుతుంది. ఆహిస్తా అని ఆమెకు మేమెవ్వరం చెప్పం.